ఏ సంఘమమ్మా మీది

వల్లూరు,
కార్తీక మాసం, సోమవారం.

అక్కకి,

గంగ రాసేది. నువ్వు ఫోను చేస్తే నేనెందుకు ఎత్తడం లేదో నీకు తెలియనిది కాదు. నీ ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నువ్వు మాట్లాడుతుంటే బావ పక్కన దగ్గుతాడు, మీ అత్త మధ్యలో మాట అందిస్తుంది. ఇంక నేను చెప్పేది నీకా, మీ ఇంటిల్లిపాదికా అర్థం కాదు. అందుకని కాగితం పట్టుకున్నాను. మనిద్దరం రొద్దంలో తెలుగు బడికి పోయింది ఇన్నాళ్ళకి ఇలా పనికొచ్చింది. హొసకోటలో మీ ఇంట్లో తక్కినవాళ్ళందరికీ కన్నడం చదవడమే వచ్చు. కాబట్టి ఇది నువ్వొక్కదానివే చదువుకోగలవు.

నువ్వు పంపిన వాయిస్ మెసేజి విన్నాను. "ఏందే గంగా, మతం మారినావంటనే? ఎవురో వీడియో పెట్టినారు, మీ బావ చూసినాడు. చర్చిలో చేతులెత్తి నిలబడుకోనుండావు. పెండ్లి కుదిరిన ఇంట్లో ఇదేందే? మగపెండ్లోళ్ళు చూస్తే మా బతుకేమైతాది?" అన్నావు. చేతులెత్తి నిలబడిన మాట నిజమే. ఎందుకు ఎత్తానో చెబుతాను. ముందు మీ ఇంట్లో జరిగింది చెప్పుకోవాలి, ఎందుకంటే ఇదంతా అక్కడ మొదలైంది.

శ్రావణంలో సింధుశ్రీ నిశ్చితార్థం. నీ ఆపరేషన్ తరువాత దాన్ని నా దగ్గర వదిలావు. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా నా ఇంట్లోనే పెరిగింది. దానికి జడ వేసింది నేను, దాని దద్దులకి వేపాకు నూరి రాసింది నేను. నాకు పిల్లల్లేరన్న బాధ ఆ ఐదేళ్ళూ నాకు గుర్తే రాలేదు. అలాంటి పిల్ల నిశ్చితార్థానికి నేను గాజుల పళ్ళెం పట్టుకుని నడింట్లోకి వస్తుంటే నువ్వు గడప దగ్గర అడ్డం నిలబడ్డావు. "గంగా, కాఫీ సంగతి నువ్వు చూడు. ఈడికి రావద్దులే, ఎండగా ఉండాది" అని పళ్ళెం తీసుకున్నావు. నడింట్లో ఎండేమిటక్కా? ఆ మాట నేను అడగలేదు. పోయి కాఫీ కలిపాను. చక్కెర తక్కువైందని మీ వియ్యపురాలు అన్నదట, అది కూడా నాకు చేరింది. ఆ రోజంతా వంటింట్లోనే ఉన్నాను. మగపెళ్ళివాళ్ళు నా ముఖం కూడా చూడకుండా పోయారు.

నువ్వు చెడ్డదానివని నేను అనడం లేదు. నీ భయం నీది. కానీ నాకు చాలా బాధ కలిగింది, మూడు నెలలైనా అది తగ్గలేదు.

మా ఆయన భరత్ పోయి రెండేళ్ళు దాటింది. డెంగీ అని పావగడ నుంచి తుమకూరు తీసుకుపోయారు, బతికి తిరిగి రాలేదు. పదకొండో రోజు ఏం చేశారో నీకు చెప్పక్కర్లేదు, నువ్వూ ఉన్నావు. ఈ కాలంలో మొగుడు పోయినవాళ్ళు చాలామంది చిన్న నల్లబొట్టయినా పెట్టుకుంటున్నారు. మా మామ చిన్నన్న ఇంట్లో ఆ ఊసే లేదు. పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకూడదని ఒక్కటే నేర్పించారు. సోలార్ ప్యానెళ్ళు కడగడానికి పోయేవాళ్ళు, సెక్యూరిటీ డ్యూటీకి పోయేవాళ్ళు బైకుల మీద దాటిపోయేదాకా తలుపు సందులోంచి చూసి, తరువాత చెత్త పారబోయడానికి బయటికి వస్తాను. మన చేను సోలార్ కంపెనీకి పోకుండా ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. వేరుశనగ పీకేటప్పుడు పక్క సాలులో ఉన్నామె నుదురు ఎవరు చూస్తారు? చేతులు కావాలి, అంతే. ఇప్పుడు కనుచూపు మేర అద్దాలే. పని లేని ఊళ్ళో ఒకరి ముఖం ఒకరు చూడడమే పని అయిపోయింది.

భాద్రపదంలో ఒక ఆదివారం మామకి బీపీ మాత్రలు తేవడానికి పావగడ పోయాను. మందుల అంగడి ఇంకా తెరవలేదు. బస్టాండు వెనక సందులో నీడ కనిపిస్తే నిలబడ్డాను. అది చర్చి గోడ అని నాకు తెలియదు. లోపల్నుంచి ఒకామె కొంగు తలమీద కప్పుకుని వచ్చింది. నా ముఖం చూసింది. బొట్టు లేదు, మెడలో ఏమీ లేదు, చేతులకి గాజుల్లేవు. చూసి నవ్వింది అక్కా. "వందనాలమ్మా. బయటనే నిలబడుకున్నారేం? ఏ సంఘమమ్మా మీది?" అంది. నేను పొదుపు కట్టే సంఘం అనుకుని, వల్లూరు స్త్రీశక్తి సంఘం అన్నాను. ఆమె దాన్ని కూడా ఏదో చర్చి పేరే అనుకుని నా చెయ్యి పట్టుకుంది.

లోపలికి పోయాక గానీ నాకు అర్థం కాలేదు. వాళ్ళ ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు. నా బోసి నుదురు చూసి ఆమె నన్ను వాళ్ళ మనిషి అనుకుంది. అక్కడ కూర్చున్న నుదుళ్ళన్నీ నా నుదురులాగే ఉన్నాయి. అందులో ఎవరికి మొగుడున్నాడో, ఎవరికి లేడో చూసి చెప్పడం వాళ్ళ దేవుడి వల్ల కూడా కాదు. రెండేళ్ళలో పొద్దున్నే నా ముఖం చూసి నవ్విన మొదటి మనిషి ఆమె. నేను వేరేదాన్నని చెప్పబుద్ధి కాలేదు. ప్రసంగం కన్నడంలో సాగింది. చివర్లో పాస్టరు కొత్తగా వచ్చినవాళ్ళు లేచి పేరు చెప్పమన్నాడు. గంగాదేవి, వల్లూరు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా పెళ్ళిలో కూడా నాకెవరూ చప్పట్లు కొట్టలేదు. బస్సులో ఇంటికి వచ్చేటప్పుడు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

తరువాతి ఆదివారం మళ్ళీ పోయాను. ఎవరూ పలకరించలేదు. ఆ రోజు ఇంకెవరో కొత్తామె వచ్చింది, చప్పట్లు ఆమెకి పోయాయి. నాకు ఉక్రోషం వచ్చిందంటే నవ్వుతావు. అయితే వారానికొక చోట కొత్తమనిషిని అవుదాం అనుకున్నాను. అలా మొదలైంది నా తిరుగుడు.

మా పక్క ఊరి ఎస్సీ కాలనీలో ఒక చిన్న చర్చి ఉంది. అక్కడికి పోయేసరికి పాట ఆగిపోయింది. చిన్నన్న కోడలు అని గుర్తుపట్టారు. అందరూ చాప మీద కూర్చుంటే నాకొక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. నేను చాప మీద కూర్చోబోతే ఆడవాళ్ళు తలా ఇంత జరిగారు, చోటివ్వడానికి కాదు, నాకు తగలకుండా. ఒక పెద్దాయన "అమ్మోరు ఏమైనా పని మీద వచ్చినారా?" అని అడిగాడు. దాహమేస్తే వాళ్ళ బిందెలో నీళ్ళు ఇవ్వలేదు, అంగడికి పోయి మూత విప్పని సీసా కొనుక్కొచ్చారు. నేను కూడా బిందె వైపు చూసి ఊరుకున్నాను. నేను వెళ్ళాక పాట మళ్ళీ మొదలైంది, దారి పొడుగునా వినిపించింది.

మూడోది మీ హొసకోటలోనే, మీ ఇంటికి రెండు వీధుల అవతల. అద్దె షెడ్డు, పెద్ద స్పీకర్లు, కోటు వేసుకున్న పాస్టరు. నా కులం అడిగాడు, అడిగి మురిసిపోయాడు. వేదిక మీదికి పిలిచి, ఫోను నా ముఖం మీద పెట్టి, "మీ జీవితంలో ప్రభువు చేసిన మేలు చెప్పండమ్మా" అన్నాడు. ఏం మేలు చెప్పను? చేతులెత్తమన్నాడు, ఎత్తాను. దిగి వచ్చేస్తుంటే వెనకనుంచి నా పేరు మైకులో పిలుస్తూనే ఉన్నారు. బావ చూసిన వీడియో అదే.

మతం మారలేదు అక్కా. నన్నెవరూ నీళ్ళలో ముంచలేదు. ఇంట్లో దీపం రోజూ పెడుతున్నాను. ఆదివారం మాత్రం ఎక్కడికో ఒక చోటికి పోయి నలుగురిలో కూర్చోవాలనిపిస్తోంది. అది కూడా తప్పంటే నాకు తెలుగులోనే జవాబు రాయి.

నీ చెల్లెలు,
గంగాదేవి


వల్లూరు,
పుష్య మాసం, శుక్రవారం.

అక్కా,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని తెలుసు, నీకు ఫోన్లో మాట్లాడితే తప్ప మాట్లాడినట్టు ఉండదు. పెళ్ళిపత్రిక మాత్రం అందింది. సింధు పేరు బంగారు అక్షరాల్లో చూసుకుని చాలాసేపు కూర్చున్నాను.

అరసికెరెలో ఒక చర్చి దొరికింది. దొరికింది అన్నానని కోప్పడకు, అప్పుడు నాకు అలాగే అనిపించింది. రేకుల కప్పు, మట్టి అరుగు. పాస్టరుకి రోడ్డు మీద పంక్చరు అంగడి ఉంది, ఆదివారం పొద్దున్న గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా తోముకుని వస్తాడు. పాటలు తెలుగులో పాడతారు. నేను పోయిన రోజున చప్పట్లు కొట్టలేదు, కుర్చీ వెయ్యలేదు, ఫోను పెట్టలేదు. దాసమ్మ అనే ముసలామె తన చాపలో కొంచెం జరిగింది, నేను కూర్చున్నాను. మరుసటి వారమూ జరిగింది. నేను తిరగడం మానేసి అక్కడికే పోతూ వచ్చాను.

ఒకసారి పాస్టరు భార్య నన్ను అడిగింది. "మీ ఇంటాయన్ని కూడా పిల్చుకోని రాండమ్మా."

"ఆయన రాలేడు" అన్నాను.

ఆమె ఇంకేదో అర్థం చేసుకుంది. మొగుడు ఒప్పుకోక ఒక్కతే వచ్చే ఆడవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు. "అట్లనక్కండి. ప్రార్థన చేస్తాం. పేరేంది?" అంది. భరత్‌కుమార్ అన్నాను. అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అంతమంది కళ్ళు మూసుకుని, భరత్‌కుమార్ మనసు మారాలని, భార్యతో కలిసి వచ్చి ఈ చాప మీద కూర్చోవాలని ప్రార్థన చేసేవాళ్ళు. నేను అడ్డం చెప్పలేదు. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తితే మామ లేచి బయటికి పోతాడు. అక్కడ వారం వారం ఆయన పేరు బతికున్నవాళ్ళ పేర్లలో వినిపించేది. వాళ్ళు అలా అడుగుతుంటే నాకు కూడా వస్తాడేమో అనిపించేది, ఆ కాసేపు.

మొన్న బుధవారం ఆ చర్చిలో పెళ్ళి జరిగింది. పాస్టరు తమ్ముడి కూతురిది. వాళ్ళలో కూడా తాళి ఉంటుంది, మన లాగే పళ్ళెంలో పెట్టి పెద్దలందరి చేతా తాకిస్తారు. పాస్టరు భార్య ఆ పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీ చెయ్యి చల్లనిదమ్మా, మీరు తిప్పండి" అంది. అక్కా, నేను వద్దనాలి. ఒక్క మాటతో పోయేది. కానీ పళ్ళెం చేతిలోకి వచ్చాక తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. పట్టుకుని వరసలో అందరి దగ్గరికీ పోయాను. అందరూ తాళిని తాకి కళ్ళకద్దుకున్నారు, నా ముఖం చూసి నవ్వారు. పెళ్ళికూతురు కూడా నవ్వింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఆకాశం ఊడి పడలేదు. పళ్ళెం కూడా కింద పడలేదు.

చివరి వరసలో మా ఊరి వైపు నుంచి వచ్చిన చుట్టాలామె ఒకతి ఉంది. తాళి తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఈమె వల్లూరు భరత్‌కుమార్ పెండ్లాం కదా? ఆయప్ప పోయి రెండేండ్లాయె కదమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. పెళ్ళికూతురి తల్లి వచ్చి నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, అది నిజం. పాస్టరు తాళి చేతిలోకి తీసుకుని మళ్ళీ ప్రార్థన చేశాడు. ఏ కీడూ అంటకుండా కాపాడమన్నాడు. మొదట చేసిన ప్రార్థనలో ఆ మాట లేదు. పాస్టరు భార్య నా వైపు చూడలేకపోయింది. వారం వారం చచ్చిపోయినవాడి కోసం ప్రార్థన చేయించానని ఆమెకి అప్పుడు తెలిసింది, ఆ తప్పు నాదే.

స్తంభం వెనక దాసమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. అంతసేపూ ఆమె అక్కడ ఎందుకుందో నేను ఆలోచించనే లేదు. "ఈడికి రామ్మా. పెండ్లిండ్లలో నేనూ ఈడనే" అంది. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. బోసి నుదుళ్ళు చూసి వాళ్ళలో ఆ తేడా లేదనుకున్నాను. తేడా ఉంది, ముఖం చూసి కనిపెట్టలేము, అంతే. వాళ్ళని తిట్టుకుని లాభం లేదు. మన పక్క వీధివాళ్ళే కదా, మన భయాలే వాళ్ళవీ.

సింధు పెళ్ళికి నేను రాను. చీర ఒకటి పంపుతాను, దానికి ఆకుపచ్చ ఇష్టం. ఫోటోలు పంపించు.

నీ చెల్లెలు,
గంగాదేవి


వల్లూరు,
మాఘ మాసం, ఆదివారం.

అక్కకి,

ఈసారి స్పీకర్ తీసేసి, మేడ మీదికి పోయి మాట్లాడి పంపావు. గాలి శబ్దం వినిపించింది. అందుకు సంతోషం. నువ్వు చెప్పింది ఒకటికి రెండుసార్లు విన్నాను, సరిగ్గా విన్నానో లేదో అని.

"గంగా, నువ్వు రాకుంటే సింధు ఊరుకోదు, ఏడుస్తా ఉండాది. రా. కానీ ఒక చిన్న స్టిక్కరు పెట్టుకోని రా. ఎర్రదే పెట్టుకో. బొట్టు లేకుండా వస్తే మగపెండ్లోళ్ళు కిరస్తానమామె అనుకుంటారు, వీడియో సంగతి బయటికి వస్తాది. మొగుడు పోయిన సంగతి వాళ్ళకి నేను చెప్పలేదులే. రెండు గాజులు కూడా ఏసుకో."

అక్కా, నేను నవ్వాను. నిజంగా నవ్వాను, మామ పక్కగదిలోంచి ఏమైందని అడిగాడు. తరువాత ఏడ్చాను.

పదకొండో రోజు నన్ను గోడవారగా కూర్చోబెట్టి బొట్టు చెరిపినప్పుడు నేను తల అటూ ఇటూ తిప్పాను. వెనకనుంచి నా తల కదలకుండా పట్టుకున్నది నువ్వే. "ఊరుకో గంగా, అయిపోతాది" అన్నావు. అప్పుడు ఊళ్ళోవాళ్ళ కోసం తీయించావు. ఇప్పుడు వియ్యాలవాళ్ళ కోసం పెట్టుకోమంటున్నావు. భరత్ ఉన్నప్పుడు పెట్టుకున్నది నా కోసం. అది నాకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు, స్టిక్కరు అంటించి అసలే ఇవ్వలేరు. నాకే పెట్టుకోవాలనిపించిన రోజున అడగకుండానే పెట్టుకుంటాను.

అరసికెరె పాస్టరు భార్య మొన్న మా ఇంటికి వచ్చింది. మామ ఎదురుగానే అరుగు మీద కూర్చుని, "తప్పైపోయిందమ్మా, పాత అలవాటు పోలేదు మాకు. రాండి" అంది. నేను మంచినీళ్ళు ఇచ్చి పంపాను, వస్తానని మాత్రం అనలేదు. అయినా ఆమె అంత దూరం ఎండలో నడిచి వచ్చింది.

సింధు ఏడుస్తోందంటే నేను ఇంట్లో కూర్చోలేను. వస్తాను. ఇప్పుడు ఎలా ఉన్నానో అలాగే వస్తాను. వంటింట్లోకి పోను, స్తంభం వెనకా కూర్చోను. ముందు వరసలో కూర్చుంటాను. నా గురించి ఎవరైనా అడిగితే మొగుడు పోయినామె అని చెబుతావో, కిరస్తానంలో కలిసినామె అని చెబుతావో నీ ఇష్టం. నీకు ఏది తక్కువ భయమైతే అది చెప్పుకో, నేను కాదనను. మా చెల్లెలు అన్న మాట మాత్రం ముందు చెప్పు. నేను నిన్ను అడిగేది అదొక్కటే.

నీ చెల్లెలు,
గంగాదేవి


వల్లూరు,
మాఘ మాసం చివర, మంగళవారం.

అక్కా,

పెళ్ళి బాగా జరిగింది. ఏ లోటూ కనిపించలేదు. పప్పు కొంచెం మాడిందన్నారు గానీ నాకు తెలియలేదు. అల్లుడు నెమ్మదైనవాడిలా ఉన్నాడు, తలంబ్రాలప్పుడు సింధు కళ్ళలో పడకుండా చూసుకుని పోశాడు. ఇవన్నీ నీతో చెప్పుకోవాలనే ఉంది.

మండపం గుమ్మం దగ్గర నువ్వు పన్నీరు చల్లుతూ నిలబడ్డావు. నీ పక్కన అల్లుడి మేనత్త నాగక్క. నన్ను చూడగానే నీ చెయ్యి ఆగింది. ఆమె నా నుదురు చూసి, "ఈమె ఎవురమ్మా?" అని నిన్నడిగింది. నువ్వు నా వైపు చూడకుండా, "మాకు తెలిసినామె. కిరస్తానమామె" అన్నావు. నేను రాసిన రెండిట్లో ఒకటి చెప్పావు. నేను అడిగింది వదిలేశావు.

నాగక్కని తప్పు పట్టడానికేమీ లేదు. "అట్లనా? రాండమ్మా, ముందర కూర్చుందురు. మా ఊర్లో టీచరమ్మ కూడా మీవాళ్ళే, శానా మంచిది" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఫ్యాను కింద కుర్చీ చూపించింది. కాఫీ తెప్పించింది, చక్కెర సరిపోయిందా అని అడిగింది. నా ముఖం చూసి ఎవరూ తప్పుకోలేదు. ఇన్నాళ్ళూ ఇన్ని చోట్లకి కొత్తమనిషిగా పోయాను కదా, కొత్తమనిషికి మీ కళ్యాణ మండపంలో జరిగినంత మర్యాద ఎక్కడా జరగలేదు. పక్కన కూర్చుని నాగక్క చాలా కబుర్లు చెప్పింది. "పెండ్లికూతురికి సొంత చిన్నమ్మ ఒకామె ఉండాదంట. పాపం ఒంట్లో బాగలేదంట, రాలేకపోయిందంట. పిల్లని ఆమే సాకిందంట" అంది. అవునా అన్నాను.

తాళి కట్టేటప్పుడు మాత్రం నేనున్న చోటునుంచి బాగా కనిపించింది. నా చేతిలో అక్షింతలు ఉన్నాయి, నేనూ వేశాను. దేవుడికి ఏమని మొక్కానో చెప్పను.

తరువాత పెద్దల కాళ్ళకి మొక్కడానికి ఇద్దరూ వేదిక దిగారు. సింధు నన్ను చూసింది. నేను వచ్చానని దానికి నువ్వు చెప్పలేదనుకుంటాను. వరసలో ముందున్న పెద్దలందరినీ దాటుకుని, పూలజడ ఊగుతుంటే, మొగుడి కొంగుముడి లాక్కుంటూ నా దగ్గరికి వచ్చేసింది. "చిన్నమ్మా, యాడ కూర్చున్నావే, పొద్దున్నించి వెతుకుతా ఉండా" అంది. అని వంగింది.

నాగక్క లేచి నిలబడింది. "చిన్నమ్మనా? బాగలేదన్నారే? సొంత చిన్నమ్మనా ఏంది?" అంది. నువ్వు వాళ్ళ వెనకే ఉన్నావు. నేను నీ ముఖం చూశాను అక్కా. నిన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు కూడా నీకు అంత భయం లేదు. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, నీ పెదాలు కదల్లేదు. బావ వెంకటరామప్ప నేల చూస్తున్నాడు. నాకు కోపం రావలసింది. జాలి వచ్చింది, నా ఖర్మ.

"సొంతం కాదమ్మా" అన్నాను. "చిన్నప్పుడు వల్లూర్లో మా పక్కింట్లో ఉండి చదువుకున్నాది. అందుకని అట్ల పిలుస్తాది."

సింధు వంగినది వంగినట్టే ఆగింది. దాని వేళ్ళు నా పాదాల మీద ఉన్నాయి. తరువాత మెల్లగా లేచింది. చిన్నప్పుడు దాన్ని పొరపాటున కొట్టినప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. అల్లుడు ఎవరని అడిగితే, "తెలిసినామె" అంది. నీ గొంతులాగే ఉంది దాని గొంతు. పక్కనున్న ముసలాయన కాళ్ళకి మొక్కడానికి వెళ్ళిపోయింది.

నేను భోజనం చేశాను. నాగక్క పక్కనే కూర్చోబెట్టి పాయసం రెండుసార్లు వేయించింది. తినకపోతే అనుమానపడుతుందని తిన్నాను.

అక్కా, పావగడలో లేచి నిలబడి నా పేరు చెప్పాను. హొసకోట షెడ్డులో చెప్పాను. అరసికెరెలో అడిగితే భరత్ పేరు చెప్పాను. బతికున్నాడని వాళ్ళు అనుకుంటే ఊరుకున్నాను గానీ, నేను ఆయన భార్యని కాదని ఎక్కడా అనలేదు. కన్నబిడ్డలాగా పెంచిన పిల్లని నాది కాదని నీ మండపంలో, నా నోటితో నేనే అన్నాను. నువ్వు అడగను కూడా లేదు.

దానికి నిజం తెలియాలి. చిన్నమ్మ తనని వద్దనుకుందని అది అనుకుంటోంది. ఫోను చేస్తే ఎత్తడం లేదు. నువ్వు దాని అత్తగారింటికి పో. నాగక్క ఉన్నప్పుడే పో. అందరి ముందూ, ఆ రోజు ముందు వరసలో కూర్చున్నామె మా చెల్లెలు, మొగుడు పోయినామె, దీన్ని పెంచింది ఆమే అని చెప్పు. భయమైతే భయపడుతూనే చెప్పు. చెప్పిన రోజున నాకు ఫోను చెయ్యి, స్పీకర్లో ఉన్నా ఎత్తుతాను. చెప్పలేకపోతే మాత్రం ఉత్తరం కూడా రాయవద్దు.

నీ చెల్లెలు,
గంగాదేవి